ఆల్చిప్ప బ్రతకాలంటే నది బ్రతకాలి

స్వాతి చినుకు పడితే ఆల్చిప్పలో ముత్యం పుడుతుందన్నది మన పెద్దల మాట. ముత్యం సంగతి అలా ఉంచితే, అసలు ఆల్చిప్ప పుట్టడానికే ఎన్ని కలిసిరావాలో స్కాట్లండ్ నదులను చూస్తే తెలుస్తుంది. అక్కడి మంచినీటి ముత్యపు చిప్ప నేడు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నది.

ఇది నూరేళ్లకు పైగా బ్రతకగల ప్రాణి. చల్లని, తేటనీటి ఏరులలో గులకరాళ్ల మధ్య సగం పూడుకుని ఉంటుంది. పెరిగిన చిప్ప రోజుకు సుమారు 50 లీటర్ల నీటిని వడపోయగలదు. కూలి అడగకుండా నదిని శుభ్రపరిచే జీవి ఇది.

దీని సంతతి పెరిగే తీరు విచిత్రమైనది. అక్కడి వేసవిలో ఆడచిప్ప లక్షలాది డింభకాలను నీటిలోకి వదులుతుంది. కంటికి ఆనని ఆ పసికూనలు సాల్మన్ లేదా ట్రౌట్ చేపపిల్లల మొప్పలను పట్టుకోవాలి. చేప దొరకనివి చనిపోతాయి. దొరికినవి మరుసటి ఏడు వేసవి ఆరంభం దాకా అక్కడే పెరిగి, రాలిపడి, నది అడుగున గులకల సందుల్లో కొన్నేళ్లు గడపాలి. అక్కడ బురద పేరుకుంటే వాటికి ఊపిరాడదు. ఈ గండాలన్నీ గడిచి ఈడుకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది.

ముత్యాల ఆశతో మనిషి తరతరాలుగా ఈ చిప్పలను చీల్చి పారవేశాడు. బ్రిటన్‌లో 1998లో ఈ వేటను పూర్తిగా నిషేధించారు. నిషేధం అవసరమే. అయితే దొంగవేట ఆగలేదు. అంతకు మించిన చిక్కు మరొకటి ఉన్నది. అనేక నదులలో ముసలి చిప్పలే తప్ప పిల్లచిప్పలు కానరావడం లేదు. పొలాల నుండి కొట్టుకువచ్చే మట్టి, ఎరువులు, నది గర్భంలో తవ్వకాలు, ఆనకట్టలు, చేపల తగ్గుదల ఇందుకు కారణాలు. ఆయుర్దాయం ఎక్కువ కనుక పైకి అంతా సవ్యంగానే ఉన్నట్లు తోస్తుంది. ముసలివి కన్నుమూసిన నాడు గాని లోటు తెలియదు. అప్పటికి చేయగలిగేది ఉండదు.

కనుక చిప్పలను లెక్కపెట్టి తృప్తి పడితే చాలదు. వాటిలో పిల్లలెన్ని అని చూడాలి. ఒడ్డున చెట్లు పెంచి మట్టి కొట్టుకురాకుండా ఆపాలి. చేపలు ఎగువకు పోయే దారి విడవాలి.

మన నదులలో, చెరువులలో ఉండే ఆల్చిప్పలు వేరే జాతివి. అయినా వాటి పసికూనలకూ చేపల ఆసరా కావాలి, నది అడుగున నిలకడ కావాలి. గోదావరి, కృష్ణల ఇసుకను లారీలకు ఎత్తేచోట ఈ సంగతి తలచేవారెందరు? ఇసుక రేవులకు అనుమతి ఇచ్చేముందు ఆ ఇసుకలో కాపురమున్న ప్రాణులను కూడా అధికారులు లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.