శిశుతరగతుల సన్నాహము

వేసవి సెలవులు ముగియవచ్చినవి. ఇటీవలి సంవత్సరములలో తెలంగాణమున జూన్ 12వ తేదీన బడులు తెరచుట పరిపాటియైనది. ఆ దినము సమీపించుకొలదిని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములలో శిశువిద్యాశాలల సన్నాహము కన్నుల పండువుగా సాగును. గోడలకు క్రొత్తరంగులు, ద్వారములకు కాగితపుతోరణములు, వీథిమొగమున ప్రవేశప్రకటనలు, ఎటు చూచినను ఇవియే. అదే కొండ పల్లమునందలి బస్తీలలో అంగన్‌వాడీ టీచరు తన యొంటిగదిని ఊడ్చి, చాప దులిపి, బియ్యపుమూటకును బరువు తూచు యంత్రమునకును నడుమ పిల్లలు కూర్చుండుటకు చోటు చేయుచుండును. ఈ రెండు గదులకును నడుమ దూరము నడచిపోదగినంతయే. రెంటను అడుగిడువారు మూడు నాలుగేండ్ల పసివారే. తల్లికొంగు విడిచి లోకమున వారు వేయు మొదటి యడుగు అచ్చటనే. ఆ యడుగు నెట్టి గది యెదుర్కొనవలెను, ఆ గదిని సిద్ధపరచు బాధ్యత యెవరిది యనునవి చిన్న ప్రశ్నలని మే మెంచజాలము.

శిశుతరగతుల ముచ్చట సంపాదకీయమున కేల యని పాఠకులు కొందరు చిరునవ్వు నవ్వవచ్చును. వారికి మా మనవి యొక్కటి. ప్రభుత్వపాఠశాలలు ఏల వెలవెలబోవుచున్నవని సభలలో తరచు ప్రశ్నించుచుందుము. ఉపాధ్యాయులను నిందింతుము, ఆంగ్లభాషావ్యామోహమును నిందింతుము. కాని బిడ్డ చేజారుట పదవతరగతిలో గాదు, ఒకటవతరగతిలోనైనను గాదు. మూడేండ్లు నిండిన బిడ్డను ఎచ్చట కూర్చుండబెట్టుదుమని పనికిపోవు తల్లి వెదకుకొను దినముననే చేజారుచున్నది. చిరకాలము మన ప్రభుత్వపాఠశాలలలో అధికభాగము ఒకటవతరగతితోనే ప్రారంభమగుచు వచ్చినవి. ప్రైవేటుబడి నర్సరీ, ఎల్.కె.జి., యు.కె.జి. యని మూడు మెట్లు వేసి పిలిచినది. ఆ మెట్లెక్కిన బిడ్డ ఐదేండ్లు నిండగానే దిగివచ్చి సర్కారుబడి గడప త్రొక్కునా? కూలిచేసియైనను ఫీజు కట్టు తల్లిదండ్రుల నవివేకులనుట అన్యాయము. వారికి వేరుదారి చూపినవా రెవరు?

కెమెరాకన్ను, పసికన్ను

చిత్రపరిశ్రమ మదరాసు విడిచి ఈ కొండలకు తరలివచ్చిన పిమ్మట ఇచ్చట వెలసిన విద్యలలో రంగనిర్మాణ మొకటి. అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలలో మన వడ్రంగులు, రంగులవారు, అచ్చుపనివారు కొలది దినములలో రాజప్రాసాదమును నిలువబెట్టగలరు. ఆ ప్రాసాదమునకు వెనుకగోడ యుండదు. ఉండనక్కరలేదు, అది కెమెరాకన్ను కొరకు కట్టబడినది. ఆ కంటికి కానరానిది లేకున్నను దోషము లేదు.

శిశువిద్యాశాల అట్టిది గాదు. కాని నేడు సంపన్నుల వీథులలో సిద్ధమగుచున్న గదులు కొన్ని రంగస్థలములను తలపించుచున్నవి. ప్రవేశము కొరకు వచ్చిన తల్లిదండ్రులు చూచి మురియుటకును, ఛాయాచిత్రములు తీయుటకును అవి యలంకరింపబడినవి. గోడపై జానెడు చోటు విడువక బొమ్మలు, అక్షరములు, అంకెలు, పండ్లు, జంతువులు. అన్నియు పెద్దవారి కంటి యెత్తున! మూడడుగుల బిడ్డ తల వెనుకకు వంచి చూచినగాని అవి యగపడవు.

ఈ యలంకారము నిరపాయకరమైన వేడుక యనుకొనుటకును వీలులేదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో నొక పరీక్షాఫలమును ప్రకటించిరి. శిశుతరగతి పిల్లలు 24 మందికి అలంకారము దట్టించిన గదిలో కొన్ని పాఠములును, గోడలు నిరాడంబరముగా నున్న గదిలో కొన్ని పాఠములును చెప్పిచూచిరి. నిరాడంబరమైన గదిలో పిల్లలు ప్రశ్నలకు నూటికి 55 వంతులు సరిగా బదులు చెప్పిరి. అలంకరించిన గదిలో 42 వంతులు మాత్రమే. ఆ గదిలో వారి చూపు పాఠము విడిచి గోడల వెంట నెక్కువగా తిరిగినది. పరీక్షింపబడినవారు కొలదిమందియే యగుటచే దీనిని వేదవాక్యముగా గొననక్కరలేదు. అయినను గది యెవరి కొరకని యోచించుటకు ఇది చాలును.

పేదలకు పుట్టి ధనికుల యింట పెరిగినది

ఈ కొండపై మాంటిసోరి నామము గల పలకలకు కొదువలేదు. ఆ పేరు ఇప్పుడు సంపదకు చిహ్నమైనది. కాని డాక్టరు మేరియా మాంటిసోరి తన మొదటి బాలగృహమును 1907 జనవరి 6వ తేదీన తెరచినది రోమునగరమున సాన్ లొరెంజో యను పేదలవాడలో. తల్లిదండ్రులు పనికిపోగా ఇండ్లమెట్లపై తిరుగాడుచుండిన పిల్లల కొరకే ఆ గది పుట్టినది. అచ్చట ఆమె చేసిన మార్పులలో నొకటి బల్లలు, కుర్చీలు, అలమారులు బిడ్డ పరిమాణమునకు తగ్గించుట. 1939లో ఆమె మదరాసునందలి అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే గడపి, ఉపాధ్యాయులకు శిక్షణ యొసగెను. 1945లో తారాబాయి మోడక్ బొంబాయి రాష్ట్రమునందలి బోర్డీ గ్రామమున పల్లెపిల్లల కొరకు బాలశిక్షాకేంద్రము నెలకొల్పినది. బిడ్డ బడికి రాజాలనిచో బడియే బిడ్డ ముంగిలికి పోవలెనని అంగణవాడిని నడపినది. తెలుగునాట విజయవాడలో వి. కోటేశ్వరమ్మగారు 1955లో మాంటిసోరి పాఠశాలను స్థాపించి జీవితకాలమంతయు నడపిరి. 2017లో పద్మశ్రీ గౌరవమును బడసిరి.

1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆ ముంగిలిబడి పేరునే దేశమంతటను వ్యాపింపజేసినది. నేడు తెలంగాణమున సుమారు 35,700 అంగన్‌వాడీ కేంద్రములున్నవి. ఇంతటి శిశువిద్యావ్యవస్థ మనకు సిద్ధముగా నున్నది. లేనిది గది. నగరమున అనేక కేంద్రములు అద్దెయిండ్లలో నున్నవి. టీచరు గర్భిణుల లెక్కలు వ్రాయవలెను, పసికందులను తూచవలెను, భోజనము పెట్టింపవలెను, ఫోనులో వివరములు నింపవలెను, పిలిచినప్పుడెల్ల సర్వేలకు పోవలెను. మిగిలిన వేళ బోధింపవలెను. ఆరు సేవలలో నొకటిగా వ్రాయబడిన పూర్వప్రాథమిక విద్య ఆచరణమున ఆరవదైపోవుటకు ఆమె దోషము గాదు.

గది యెట్లుండవలెను?

ధనము లేక మంచి గది యేర్పడదనుట సగము నిజమే. బిడ్డను దృష్టియందుంచుకొని సిద్ధపరచినచో చిన్నగదియు విద్యాశాల యగును. మొదటిది, నల్లబల్ల, పటములు, అలమారులు నేలనుండి బిడ్డ చేయి చాచినంత యెత్తున నుండవలెను. రెండవది, గది నంతయు నొక్క గుంపునకు విడువక మూలలుగా నేర్పరచుకొనవలెను: ఒకమూల కథలపుస్తకములు, ఒకమూల చెక్కదిమ్మెలు, ఒకమూల గిన్నెలు, గరిటెలు, పాతచీరముక్కలతో బొమ్మరిల్లు, ఒకమూల సుద్ద, రంగు, తడిమట్టి. చింతపిక్కలు, గవ్వలు లెక్కలు నేర్పుటకు చాలును. కాని పసివాండ్రు నోటను, ముక్కునను పెట్టుకొందురు గనుక ఇచ్చునప్పుడును, మరల తీసికొనునప్పుడును టీచరు వానిని లెక్కింపవలెను. చదువురాని బిడ్డకు తన పేరుచీటి పనికిరాదు. చెప్పులు విడుచుచోటను, సంచి తగిలించు కొక్కెమునను చిలుక, చేప, మామిడికాయ వంటి గుర్తు నొకదాని నిచ్చినచో మూడవనాటికే తన చోటు తాను తెలిసికొనును. అది ఆతని మొదటి పఠనము.

జూన్ నెల మన దేశమున వానకాలపు ప్రవేశము. కావున రంగు పూయుటకు ముందు కప్పు కారుచున్నదేమో చూడవలెను. ముంగిట నీరు నిలువనీయరాదు. విద్యుత్తు రంధ్రములు మూయింపవలెను. ఫినాయిల్ సీసా బిడ్డ కందనిచోట నుండవలెను. త్రాగునీరు, మరుగుదొడ్డి బిడ్డ యొంటరిగా పోగలంత సమీపమున, ఆతని యెత్తున నుండవలెను. మరుగుదొడ్డికి భయపడిన బిడ్డకు బడియే భయమగును.

అన్నింటికంటె ముఖ్యమైన సన్నాహము గోడలపై గాక పట్టికలో జరుగవలెను. ఏ బిడ్డ యింట తెలుగు, ఏ బిడ్డ యింట ఉర్దూ, ఏ బిడ్డ యింట హిందీ మాటలాడుదురో టీచరు ముందుగా తెలిసికొనవలెను. కూలికై నానాప్రాంతములనుండి వచ్చిన కుటుంబములు గల ఈ బస్తీలలో ఇది మరింత యవసరము. దాహము, మూత్రము, నొప్పి, అమ్మ, ఈ నాలుగు మాటలైనను బిడ్డ భాషలో నెరుగని టీచరు ఆతని యేడుపును మొండితన మని భ్రమించును. మొదటివారము వేళలు తగ్గించి, తల్లి కొంతసేపు గదిలో కూర్చుండుటకు వీలొసగినచో రెండవవారమున ఏడుపు దానంతట తగ్గును.

ఇక పుస్తకభారము మాట. కేంద్రప్రభుత్వము 2020లో ప్రకటించిన బడిసంచివిధానము పూర్వప్రాథమిక తరగతులకు సంచియే వలదన్నది; రెండవతరగతి వరకు ఇంటిపని యీయరాదన్నది. అయినను నాలుగేండ్ల పిల్ల వీపున మూట, చేత కాపీపుస్తకము నేడును కానవచ్చుచున్నవి. దీనికి బడులతోపాటు తల్లిదండ్రులమైన మనమును బాధ్యులమే. సాయంకాలమున బిడ్డను చూచి “ఏమి ఆడుకొంటివి?” అని యడుగక “ఏమి వ్రాసితివి?” అని యడుగుచున్నాము. అడిగిన సరకునే అంగడివాడు అమ్మును.

చట్టమున చిక్కిన సందు

రాజ్యాంగమునందలి 45వ అధికరణము మొదట 14 ఏండ్ల వరకు బాలలందరికిని ఉచిత నిర్బంధవిద్య నొసగ యత్నింపవలెనని చెప్పినదే కాని, ఏ వయస్సునుండి యని గీత గీయలేదు. ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడచిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1993లో విద్యను 14 ఏండ్లవరకు ప్రాథమికహక్కుగా గుర్తించినది. 2002లో వచ్చిన 86వ రాజ్యాంగసవరణ ఆ హక్కును 6 ఏండ్లనుండి 14 ఏండ్లవారికి వ్రాసి, ఆరేండ్లలోపువారిని “యత్నింపవలెను” అను మాటకు విడిచినది. 2009 నాటి విద్యాహక్కుచట్టము 11వ సెక్షనులో మూడేండ్లు దాటినవారికి పూర్వప్రాథమిక విద్యకై ప్రభుత్వము ఏర్పాట్లు “చేయవచ్చును” అన్నది. “చేయవలెను” అనలేదు. ఆ రెండు మాటలకు నడుమ సందులోనే ప్రైవేటు నర్సరీలు వర్ధిల్లినవి.

2020 జాతీయ విద్యావిధానము మెదడు వికాసములో 85 శాతమునకు పైగా ఆరేండ్లలోపుననే జరుగునని చెప్పి, 3 ఏండ్లనుండి 8 ఏండ్ల వరకు నొక్క పునాదిదశగా నిర్ణయించినది. 2030 నాటికి పిల్లలందరికిని మేలైన శిశువిద్య యందవలెనని గడువు పెట్టినది. గడువు చేరువైనది, కాని చట్టములోని మాట మారలేదు. తెలంగాణ ప్రభుత్వము 2025-26 విద్యాసంవత్సరమున కొన్ని ప్రభుత్వపాఠశాలలలో పూర్వప్రాథమిక తరగతులు తెరచుటకు పూనుకొన్నది. ఇది మెచ్చదగిన పనియే. కాని అంగన్‌వాడీలు స్త్రీశిశుసంక్షేమశాఖవి, పాఠశాలలు విద్యాశాఖవి. ఒకే వీథిలో ఒకే బిడ్డ కొరకు రెండు శాఖలు పోటీపడినచో అంగన్‌వాడీ ఖాళీయగును, పాఠశాల నిండదు. తమ కేంద్రములు మూతపడునేమో యని అంగన్‌వాడీ ఉద్యోగినులు భయపడుట అకారణము గాదు.

మన కర్తవ్యము

కావలసినది ఈ రెంటిని ఒక్కచోట చేర్చుట. పాఠశాల ఆవరణమున చోటున్నచోట అంగన్‌వాడీకి గాలి వెలుతురులు గల గది నీయవలెను; బోధనకు ప్రత్యేకముగా నొక శిక్షితురాలిని నియమించి, పోషణకార్యము నిప్పటి టీచరు చేతనే జరిపింపవలెను. 2024లో మహిళాసంఘములతో నేర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పాఠశాలల మరమ్మతులలో పాల్గొన్నవి. శిశుగదిని జూన్‌కు ముందు తనిఖీచేయు పనిని ఆ తల్లుల కప్పగించినచో మరుగుదొడ్డి తలుపునకు గడియ లేదను మాట కాగితములలో నణగిపోదు.

ప్రభుత్వమును ప్రశ్నించి ఊరకుండుట మనకును తగదు. ఒకప్పుడు ఊరిబడికి పాకవేయుట గ్రామపెద్దల ధర్మముగా నుండెను. ఇప్పుడు నగరమున ఇండ్లు, స్థలములు గలవారు కేంద్రమునకు గది నద్దె కిచ్చునప్పుడు అన్నిటికంటె చీకటిగది నీయకుండుటయే ఒక ధర్మకార్యమగును. రాజప్రాసాదములు నిలువబెట్టు వడ్రంగుల బిడ్డలే కృష్ణానగర్, ఇందిరానగర్ వీథులలో పెరుగుచున్నారు. చిత్రీకరణము ముగియగానే విరిచివేయు చెక్కలో కొంత ఆ పిల్లల పీటలుగా, అలమారులుగా మార్చుటకు స్టూడియోలవారు పూనుకొన్నచో వారికి నష్టమెంత? ఆ తండ్రుల చేతిపని ఆ బిడ్డలకే చేరును.

కొండపై బిడ్డకు ఆట కరవైనది. పల్లమున బిడ్డకు చోటు కరవైనది. ఇరువురకును కావలసిన గది యొక్కటియే: తనయెత్తున నుండి, తనభాష వినబడి, భయము లేనిది. అట్టి గదిని జూన్ మాసమున తలుపు తెరచుటకు పూర్వమే సిద్ధపరచుట దానము గాదు, బిడ్డకు మనము తీర్పవలసిన ఋణము. చట్టమున “చేయవచ్చును” అను మాటను “చేయవలెను” అని మార్చుటకు శాసనకర్తలు పూనుకొందురు గాక. అంతవరకు చాప దులుపుచున్న ఆ టీచరును ఒంటరిగా విడువకుండుట పౌరుల వంతు.