ఆకాశమున పావుగంట

నల్లగొండకును పాలమూరునకును నడుమ గల దూరమెంత? పటముపై గీటు గీచి కొలిచినచో సుమారు 140 కిలోమీటరులు. గంటకు 500 కిలోమీటరులు పోవు చిన్న విమానమునకు ఇది పావుగంటకు మించి రెండు నిమిషముల పని. ఈ లెక్క విని సంతోషించువారిని మే మొక్క మాట అడుగుచున్నాము. ఆ విమానము నెక్కవలసిన తావేది? దిగవలసిన తావేది? ఈ రెండు పట్టణములలో దేనికిని ప్రయాణికుల విమానాశ్రయము లేదు. పాలమూరు సీమలోని గుడిబండ పేరు రాష్ట్రప్రభుత్వము సూచించిన ఆరు స్థలములలో నొకటిగా వినవచ్చినది. అంతమాత్రమున విమానము వచ్చినట్లు కాదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత మనవారికి తెలియనిది కాదు.

ఎగిరియుండు కాలమొక్కటే ప్రయాణకాలము కాదు. హైదరాబాదు, బెజవాడల నడుమ విమానము సుమారు గంటసేపటి ప్రయాణము. బాట 275 కిలోమీటరుల చిల్లర. నల్లగొండ వర్తకు డొకడు బెజవాడకు విమానముననే పోదలచెననుకొందము. 2008లో తెరువబడిన శంషాబాదు విమానాశ్రయమునకు అతడు ముందుగా పడమటికి నూరు కిలోమీటరులు పోవలెను. అచ్చట తనిఖీలకై నిరీక్షింపవలెను. పిమ్మట తన జిల్లా మీదుగనే తూర్పునకు ఎగురవలెను. అంతలో బస్సెక్కిన పొరుగువాడు బెజవాడలో దిగి పని చక్కబెట్టుకొనును.

నల్లగొండ, పాలమూరుల స్థితి ఇంతకంటె విచిత్రము. రైలున పోవలెనన్నచో హైదరాబాదు చేరి, బండి మారి, మరల దక్షిణమునకు రావలెను. బాటను పోయినను హైదరాబాదు మీదుగా ఇంచుమించు 200 కిలోమీటరులు. ముక్కేదన్న తల చుట్టును చేయి త్రిప్పి చూపినట్లున్నది! పూర్వమునుండియు బాటలన్నియు రాజధాని కభిముఖముగనే సాగినవి. పొరుగు జిల్లాలు ఒండొంటికి వీపు చూపుచు నిలిచినవి.

సూటియైన దారి లేకపోలేదు. కొండమల్లేపల్లి చేరినచో అచ్చటినుండి కల్వకుర్తి, జడ్చర్లల మీదుగా పాలమూరునకు 167వ జాతీయ రహదారి కలదు. ఈ దారి మిర్యాలగూడ ధాన్యపు మిల్లులను, జడ్చర్ల చెంతనున్న బాదేపల్లి వేరుసెనగ విపణిని కలుపుచున్నది. దీనిపై వేళకు బస్సులు విరివిగా నడచినచో రైతునకు రెండవ బజారు దొరకును. ధర నచ్చనిచోట సరకు దింపవలసిన దురవస్థ తప్పును. డోర్నకలునుండి నల్లగొండ మీదుగా గద్వాలకు రైలు వేయుదమను ప్రతిపాదనయు కలదు. అది కాగితము దాటి నేలపైకి రావలెను.

విమానాశ్రయములు వలదని మా వాదము కాదు. వాని కాలమున అవి వచ్చుగాక. కాని ఆకాశమున మిగులు నిమిషములను లెక్కించుటకు ముందు నేలపై పోవుచున్న గంటలను లెక్కింపవలెను. విమానమెక్కువారు కొందరు, సంతకును, కచ్చేరికిని, వైద్యునికడకును పోవువారు లక్షలు. ఉభయ జిల్లాల భూస్వాములును, వర్తకులును, శాసనసభ్యులును ఒక్కచో కూడి ఈ అడ్డదారి బాగునకై పట్టుపట్టవలెను. ఇరుగుపొరుగుల నడుమ దూరము పటముపై నున్నంతయే నేలపైనను ఉండునట్లు చేయుట రాజ్యాంగమువారి ప్రథమధర్మము; చేయించుకొనుట ప్రజల ధర్మము.