ఒక్క సాక్షి చాలడు



డాక్టరుగారు రెండు మూడు రక్తపరీక్షలు వ్రాసినప్పుడు, "ఒక్కటి చాలదా? ఇంత ఖర్చెందుకు?" అని మన ఇండ్లలో విసుగుకొనడం మామూలే. దూరదేశపు జబ్బు ఒకటి ఈ సందేహాన్ని తీరుస్తుంది.

1907లో బ్రెజిల్ దేశంలోని లాసాన్స్ అనే ఊరిలో, రైలుమార్గం వేసే కూలీలకు వచ్చే మలేరియాను అరికట్టడానికి కార్లోస్ షాగాస్ అనే వైద్యుడు వెళ్లాడు. అక్కడి పేదల మట్టిగోడల పగుళ్లలో, నల్లికి బంధువైన ఒక పెద్ద పురుగు దాగియుండేది. రాత్రివేళ నిద్రించేవారి ముఖంమీద కుట్టి రక్తం పీల్చేది. ఆ పురుగు రెట్టలోని సూక్ష్మక్రిమి, గోకిన చోటనుండి గాని కంటినుండి గాని ఒంట్లో ప్రవేశిస్తుంది. జ్వరంతో ఉన్న ఒక పసిబిడ్డ రక్తంలో షాగాస్ ఆ క్రిమిని కనుగొన్నాడు. ఆ జబ్బుకు ఆయన పేరే నిలిచింది.

మొదటి జ్వరం తగ్గాక జబ్బు ఏండ్ల తరబడి మౌనంగా ఉంటుంది. అయితే నూటికి 20 నుండి 30 మందిలో గుండె కండరము వాచి, క్రమేణా బలహీనపడుతుంది.

ఇక్కడ రక్తం రెండు వేర్వేరు సంగతులు చెబుతుంది. గుండె కండరము దెబ్బతింటే ట్రోపోనిన్ అనే మాంసకృత్తు రక్తంలోకి కారుతుంది. గుండెపై భారం పెరిగితే బి.ఎన్.పి. అనే పదార్థం హెచ్చుతుంది. ఇవి గాయాన్ని చూపుతాయి గాని, గాయపరచినది ఎవరో చెప్పవు. అందుకు క్రిమిపై శరీరం తయారుచేసుకొన్న ప్రతిరక్షకాలను వెదకాలి. జబ్బు పాతదైతే, రెండు వేర్వేరు పద్ధతుల పరీక్షలు ఏకీభవిస్తేనే వైద్యులు నిర్ధారిస్తారు. ఒక్క సాక్షి చాలడన్న నియమం మనకు కొత్తది కాదు గదా!

ఆలస్యమైతే నష్టమేమిటి? బెంజ్‌నిడజోల్ అనే మందు పసికందులలో చాలా బాగా పనిచేస్తుంది. కాని గుండె అప్పటికే పాడైన 2,854 మందితో జరిగి, 2015లో వెలువడిన పరిశోధనలో అది గుండెజబ్బు ముదరడాన్ని చెప్పుకోదగినంతగా ఆపలేకపోయింది.

ఈ జబ్బు మన పల్లెల్లో వ్యాపించేది కాదు, భయపడకండి. అయితే జ్వరం తగ్గిన తరువాత ఆయాసం, గుండెదడ, కాళ్లవాపు కనబడితే నిర్లక్ష్యం చేయకండి. పరీక్ష వ్రాసినప్పుడు, "అయ్యా, ఇది గాయాన్ని చూపేదా, కారణాన్ని చూపేదా?" అని వినయంగా అడగండి. పాత చీటీలన్నీ భద్రంగా దాచుకోండి.