హిందీ పుట్టింట తెలుగు పిల్లలు

స్పానిష్ భాష నేర్వగోరే విదేశీ యువతకు స్పెయిన్ దేశంలోని సలమాంకా నగరం పేరెన్నికగన్న గమ్యం. 1218లో నెలకొన్న అక్కడి విశ్వవిద్యాలయం 1929 నుంచి విదేశీయులకు ప్రత్యేక తరగతులు నడుపుతున్నది. తరగతిలో విన్న మాటను అంగడిలో ప్రయోగించి చూడటమే ఇటువంటి చదువులోని కీలకం.

ఇదే ప్రయోజనాన్ని ఆశించిన ఏర్పాటు మన దేశంలోనూ ఉన్నది. జవాహర్ నవోదయ విద్యాలయాలు 1985-86లో హర్యానాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతిలలో మొదలైనాయి. తొమ్మిదవ తరగతిలో సుమారు 30 శాతం విద్యార్థులు ఒక ఏడాదిపాటు పరభాషా ప్రాంతంలోని మరొక నవోదయలో చదవాలన్నది వాటి విధానం. హిందీ ప్రాంతపు పిల్లలు ఇటు వస్తారు; మన పిల్లలు అటు వెళతారు.

పద్నాలుగేళ్ళ తెలుగు పిల్లలు అట్లా వెళ్ళి, ఒక సెలవు దినాన ఘాజియాబాద్ చూడబోయారనుకుందాం. ఢిల్లీకి తూర్పున, హిండన్ నది దాపున ఉన్న ఈ పట్టణం 1740లో మొగలు కొలువులోని గాజీ ఉద్దీన్ పేరిట వెలసింది. ఘాజీఉద్దీన్‌నగర్ అన్న పొడవైన పేరు రైలు వచ్చిన తరువాత కుదించుకుపోయింది. 1976 నవంబరు 14న ఘాజియాబాద్ ప్రత్యేక జిల్లా అయింది. ఢిల్లీ గేటు, డాస్నా గేటు, సిహానీ గేటు అన్న పాత ద్వారాల పేర్లు ఏ దారి ఎటు పోతుందో నేటికీ చెబుతూనే ఉన్నవి.

అసలు పరీక్ష బజారులో మొదలవుతుంది. ఒకటిన్నరకు 'డేఢ్', రెండున్నరకు 'ఢాయీ', ఒకటింముప్పావుకు 'పౌనే దో'. నలభై తొమ్మిదిని 'ఉన్‌చాస్' అనాలి. నలభై, తొమ్మిది విడివిడిగా తెలిసినా లాభం లేదు. 'కల్' అంటే నిన్నా కావచ్చు, రేపూ కావచ్చు. తెలుగులో ప్రాణం లేని వస్తువులకు లింగభేదంతో పని లేదు. ఇక్కడ రొట్టె స్త్రీలింగం, అన్నం పుంలింగం. పుస్తకం పెరుగును పుంలింగమంటే, ఢిల్లీ పరిసరాల జనం దానిని నిస్సంకోచంగా స్త్రీలింగంలో వాడతారు. తప్పు తనదో, పుస్తకానిదో తేలక కుర్రవాడు తికమకపడతాడు.

అయితే ఈ నేలకు ఒక విశిష్టత ఉన్నది. నేటి ప్రామాణిక హిందీకి, ఉర్దూకు ఆధారమైన ఖడీబోలీ పుట్టినిల్లు ఢిల్లీ, మీరట్, ఘాజియాబాద్ పరిసరాలే. ఇక్కడి పల్లెల పలుకును రాహుల్ సాంకృత్యాయన్ 'కౌరవి' అన్నారు. ఈ పల్లెవాసి నోట రోటీ 'రోట్టీ' అవుతుంది, గాడీ 'గాడ్డీ' అవుతుంది. 'అప్‌నా' 'అపణా' అవుతుంది; ప్రామాణిక హిందీలో లేని ళకారం 'కాళా' వంటి మాటల్లో వినవస్తుంది. రొట్టె తిని పెరిగిన తెలుగువాడికి ఈ ద్విత్వం కొత్త కాదు. ణ, ళ లు అతని నాలుకకు పుట్టుకతో వచ్చినవి. పట్నవాసులు మోటు అని నవ్వే ఉచ్చారణ మన పిల్లవాడికి చెవికింపుగా ఉంటుంది.

అతడు హైదరాబాదువాడైతే చుట్టరికం మరింత దగ్గరిది. 1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ దేవగిరిని రాజధానిగా చేసుకొన్నప్పుడు ఢిల్లీ పరిసరాల పలుకుబడి జనంతోపాటు దక్కనుకు తరలింది. తెలుగు, మరాఠీ, కన్నడాల సాంగత్యంతో అది దక్కనీగా రూపుదిద్దుకొన్నది. 'ఇది హిందీయేనా?' అని ఎగతాళికి గురయ్యే ఆ భాష నిజానికి ఈ నేల ఆడపడుచే.

ఒక్క ఏడాదిలో పిల్లలు పండితులు కానక్కరలేదు. తప్పుగా మాట్లాడి, నలుగురూ నవ్వినా మరునాడు మళ్ళీ మాట్లాడగల ధైర్యం వస్తే చాలు. కాని ఆ ధైర్యం సగం అతిథేయుల చేతిలో ఉన్నది. దక్షిణాది పిల్లలందరినీ 'మద్రాసీ' అని ఒకే గాటన కట్టే చోట ఏ భాషా ఎదగదు. మన బడికి వచ్చిన హిందీ పిల్లవాడి 'ళ'కారం తడబడితే వెక్కిరించడమూ అంతే తప్పు. అతిథికి తమ మాట ఒకటి నేర్పి, బదులుగా అతని మాట ఒకటి అడిగి తెలుసుకొనే ఆనవాయితీని ప్రతి బడీ పాటించవచ్చు. అందుకు ఖర్చు లేదు, సర్కారు ఉత్తరువూ అక్కరలేదు.