తీగ పాట దగ్గరికి రావాలి

 

ఈ నెల పాఠం గిటార్ గురించి. మనలో చాలామంది ఇళ్లలో ఒక గిటార్ ఉంటుంది. పిల్లలు బడిలో నేర్చుకుంటారు. ఇంగ్లీషు పాటలకు చక్కగా వాయిస్తారు. కానీ ఇంట్లో పెద్దవాళ్లు తెలుగు పాట ఎత్తుకుంటే ఆ గిటార్ మూలన ఉండిపోతుంది. "అది మన పాటలకు కుదరదు" అంటారు. కుదురుతుంది. కొన్ని తీగలను కొంచెం సడలించాలి, అంతే.

డబ్లిన్‌లో వినిపించే శ్రుతి

మా ఊరు డబ్లిన్ కాలిఫోర్నియాలో ఉంది. పేరు మాత్రం ఐర్లాండ్‌ది. అందుకే ప్రతి మార్చిలో ఇక్కడ సెయింట్ పాట్రిక్ పండుగ పెద్దగా జరుపుతారు. ఐరిష్ పాటలు మోగుతాయి. ఆ పాటలకు గిటార్ వాయించేవాళ్లలో చాలామంది తీగలను అందరిలా శ్రుతి చేయరు. వాళ్ల శ్రుతికి ఒక ముద్దు పేరు ఉంది: డాడ్‌గాడ్. ఆరు తీగల పేర్లను వరసగా చదివితే వచ్చే మాట అది. డీ, ఏ, డీ, జీ, ఏ, డీ.

ఈ శ్రుతిని ప్రచారంలోకి తెచ్చినవాడు డేవీ గ్రాహమ్ అనే ఇంగ్లండ్ గిటారిస్టు. 1960ల మొదట్లో ఆయన మొరాకో వెళ్లాడు. అక్కడి ఊద్ వాద్యంతో కలిసి తన గిటార్ పలకాలని తీగలు మార్చుకున్నాడు. తరువాత ఐర్లాండ్‌లో మీహాల్ ఓ డోనల్ వంటివాళ్లు దాన్ని తమ పాటలకు వాడుకున్నారు.

ఇప్పుడు డీ తీగను 'స' అనుకోండి. ఆ ఆరు అక్షరాలను మన స్వరాల్లో చదవండి:

స, ప, స, మ, ప, స.

సంగీతం తరగతికి వెళ్లినవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగుతారు. ఇది తంబురా పక్కన కూర్చోబెట్టదగిన శ్రుతి. మొరాకో నుంచి ఐర్లాండ్‌కు, ఐర్లాండ్ నుంచి ఈ చిన్న డబ్లిన్‌కు వచ్చింది. మన పాటకు సరిగ్గా సరిపోతుంది.

వయొలిన్ ఎలా మనదయింది?

"బయటి వాద్యాన్ని మార్చడం తప్పు కాదా?" అని కొందరు అడుగుతారు. వయొలిన్‌ను చూడండి. అది యూరప్ వాద్యం. సుమారు 200 ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర ఒక యూరోపియన్ బ్యాండు మాస్టరు దగ్గర దాన్ని నేర్చుకుని, మన సంగీతంలోకి తెచ్చారు. యూరప్‌లో దాని తీగలు జీ, డీ, ఏ, ఈ. మనవాళ్లు వాటిని స, ప, స, ప అని శ్రుతి చేస్తారు. వాద్యం అదే. తీగలు నాలుగే. వాటి మధ్య దూరం మారింది. పట్టుకునే తీరు కూడా మారింది. మనవాళ్లు నేల మీద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి వాయిస్తారు.

విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు (1893–1964) ఆ వయొలిన్‌తోనే పేరు పొందారు. ఇప్పుడు వయొలిన్ లేని కర్ణాటక కచేరీ అరుదు. దాన్ని ఎవరూ "బయటిది" అనరు.

మాండలిన్ కథ ఇంకా దగ్గరిది. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ గారు చిన్నప్పుడే దాన్ని చేతపట్టారు. మామూలు మాండలిన్‌కు జతలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు వదిలి, విడివిడిగా ఐదు తీగలు పెట్టుకున్నారు. అందరూ ఆయన్ని మాండలిన్ శ్రీనివాస్ అనే పిలిచారు. 2014లో చెన్నైలో ఆయన పోయారు. అప్పటికి ఆ వాద్యం మన ఇంటి వాద్యం అయిపోయింది.

కాబట్టి గిటార్ తీగ సడలిస్తే గిటార్‌ను పాడు చేసినట్టు కాదు. వయొలిన్, మాండలిన్ నడిచిన దారిలో అది కూడా నడుస్తోంది.

మూడు తీగల పని

ఇప్పుడు గిటార్ చేతిలోకి తీసుకోండి. అన్నిటికంటే లావు తీగ 6వది. అన్నిటికంటే సన్న తీగ 1వది. మామూలు శ్రుతిలో లావు నుంచి సన్నం వరకు వరస ఇది: ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. డాడ్‌గాడ్‌కు మూడు తీగలే మారతాయి. మూడూ కిందికే దిగుతాయి, ఒక్కొక్కటి రెండు మెట్లు.

మొదట 6వ తీగ. ఈ నుంచి డీకి దించండి. 4వ తీగ కూడా డీయే, కానీ పై స్థాయిలో ఉంటుంది. రెండింటినీ కలిపి మీటండి. శ్రుతి కలవకపోతే శబ్దం అలలా ఊగుతుంది. కలిసే కొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది. పూర్తిగా కలిస్తే ఆగిపోతుంది.

తరువాత 2వ తీగ. బీ నుంచి ఏకి దించండి. 5వ తీగతో పోల్చి చూడండి.

చివరికి 1వ తీగ. ఈ నుంచి డీకి దించండి. 4వ తీగతో పోల్చండి.

క్లిప్ ట్యూనర్ ఉంటే వాడండి, ఫోన్‌లో ఉన్నదైనా సరే. కానీ ముందు చెవితో చేసి, తరువాత ట్యూనర్ చూడండి. చూసి రాయడం కంటే విని రాయడం కష్టం. కానీ భాష వినడంతోనే వస్తుంది. తీగ కూడా అంతే.

మూడు జాగ్రత్తలు చెబుతాను.

ఒకటి: తీగను దించేటప్పుడు కావలసిన చోటు కంటే ఇంకాస్త కిందికి దించండి. అక్కడి నుంచి బిగిస్తూ పైకి రండి. అలా చేస్తే బిరడా పట్టు నిలుస్తుంది. లేకపోతే వాయిస్తుండగా తీగ జారుతుంది.

రెండు: మూడు తీగలూ సడలించాక మిగతా మూడింటినీ మళ్లీ చూడండి. గిటార్ మెడ మీద బరువు తగ్గుతుంది కదా. అందువల్ల ముట్టుకోని తీగలు కూడా కొంచెం పైకి వెళతాయి.

మూడు: కొత్తగా నేర్చుకునేవాళ్లు మామూలు శ్రుతి కంటే పైకి బిగించే పద్ధతుల జోలికి వెళ్లకండి. తెగేదాకా లాగకూడదు అని మనకు సామెతే ఉంది. మరీ కిందికి దించినా మంచిది కాదు. తీగ మెట్లకు తగిలి జరజరమంటుంది.

బడిలో నేర్చుకున్న కార్డులు ఈ శ్రుతిలో పలకవు. వేళ్లు అక్కడే పెట్టినా వేరే శబ్దం వస్తుంది. భయపడకండి. బడికి వెళ్లే ముందు ఆ మూడు తీగలను మళ్లీ రెండేసి మెట్లు పైకి తెస్తే పాత శ్రుతి వచ్చేస్తుంది.

తంబురాలా మీటడం

ఎడమ చేతిని పక్కన పెట్టండి. ఒక్క వేలూ నొక్కవద్దు. కుడి చేతితో ఈ వరసలో మెల్లగా మీటండి: 5వ తీగ, 4వ తీగ, మళ్లీ 4వ తీగ, 6వ తీగ. అంటే ప, స, స, కింది స. తంబురా మీటే వరస ఇదే. దీని మీద ఎవరైనా పాడవచ్చు. గిటార్ మొదలుపెట్టి రెండు రోజులే అయిన పిల్లవాడు కూడా అమ్మ పాటకు శ్రుతి వేయగలడు.

ఇంకొంచెం ధైర్యం ఉంటే మోహన రాగం వాయించండి. 1వ తీగ మీద ఖాళీగా స, 2వ మెట్టు రి, 4వ మెట్టు గ, 7వ మెట్టు ప, 9వ మెట్టు ద, 12వ మెట్టు పై స. ఈ రాగంలో మ లేదు. అందుకే 3వ తీగను మీటకండి. లేదా ఆ తీగను ఒక్క మెట్టు దించి జీ నుంచి ఎఫ్ షార్ప్‌కు తెండి. అప్పుడు అది గ అవుతుంది. ఆరు తీగలూ మోహనంలోకి వస్తాయి. దీన్ని గిటార్ వాళ్లు ఓపెన్ డీ అంటారు.

ఎవరి శ్రుతి?

మా ఆదివారం తరగతిలో పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ల అమ్మమ్మ ఫిజీలో పుట్టారు. మద్రాసు నుంచి మన ఊళ్లవాళ్లను గిర్మిట్ మీద ఫిజీకి తీసుకుపోవడం 1903లో మొదలయింది. ఆ తరం తెచ్చిన ఊయల పాట ఒకటి ఆమెకు వచ్చు. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఇంట్లో ఇంకెవరికీ పూర్తిగా రాదు.

అమ్మాయి బడిలో నేర్చుకున్న మూడు కార్డులతో ఆ పాటకు వాయించింది. అమ్మమ్మ రెండు వరసలు పాడి ఆగిపోయారు.

"ఏమైంది అమ్మమ్మా?"

"నీ గిటార్ నన్ను పక్కనుంచి తోస్తోంది బిడ్డా. నేను నిలబడదామంటే నిలబడనివ్వదు."

ఆమె చెప్పింది నిజం. కార్డులు మారుతూ ఉంటాయి. ఆ పాట కదలని స మీద నిలబడే పాట. అప్పుడు మేము పని తిరగేశాం. ముందు అమ్మమ్మ పాడారు. ఆమె ఏ స్వరం దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చి విశ్రాంతి తీసుకుంటున్నారో విన్నాం. అదే ఆమె స. ట్యూనర్ జీ షార్ప్ చూపించింది. మన పెద్దవాళ్ల లెక్కలో ఐదున్నర శ్రుతి.

ఈ లెక్క సులువు. హార్మోనియంలో సీ అనే తెల్ల మెట్టు ఒకటి. అక్కడి నుంచి వరసగా తెల్ల మెట్లు లెక్కపెట్టాలి. డీ రెండు, ఈ మూడు, ఎఫ్ నాలుగు, జీ ఐదు. మధ్యలోని నల్ల మెట్టు 'అర'. డాడ్‌గాడ్ అంటే రెండు శ్రుతి. ఐదు శ్రుతికి దగ్గరగా పాడేవాళ్లకు ఓపెన్ జీ అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో 6వ తీగ ఈ నుంచి డీకి, 5వ తీగ ఏ నుంచి జీకి, 1వ తీగ ఈ నుంచి డీకి దిగుతాయి. జీని స అనుకుంటే వరస ప, స, ప, స, గ, ప. తంబురాలా మీటాలంటే 4, 3, 3, 5.

అమ్మమ్మ కోసం ఓపెన్ జీ చేసి, మొదటి మెట్టు మీద కేపో పెట్టాం. ఐదు కాస్తా ఐదున్నర అయింది. అమ్మాయి నాలుగు తీగ దెబ్బలు మాత్రమే వాయించింది. అమ్మమ్మ మొత్తం పాట పాడారు. ఆ ఇంట్లో ఎవరూ వినని రెండు చరణాలు అందులో ఉన్నాయి. అమ్మాయి వాటిని ఫోన్‌లో పట్టుకుంది. తరువాత తెలుగు అక్షరాల్లో రాసింది. ఐదు తప్పులు ఉన్నాయి. దిద్దుకున్నాం.

చామతోట శ్రుతి

ఓపెన్ జీకి హవాయిలో అందమైన పేరు ఉంది: టారో ప్యాచ్. టారో అంటే చామ. ఫిజీలో మనం దాలో అనేది అదే. 1830లలో హవాయి రాజు పశువులను కాసేందుకు మెక్సికో కౌబాయిలను పిలిపించాడు. వాళ్లతో గిటార్లు వచ్చాయి. హవాయి వాళ్లు తమ పాటలకు తగినట్టు తీగలు సడలించుకున్నారు. ఆ వాయింపును వాళ్ల భాషలో కీ హోఆలు అంటారు. తీగ బిగువు వదలడం అని అర్థం. ఒక్కో కుటుంబానికి ఒక్కో శ్రుతి ఉండేది. కొందరు దాన్ని బయటివాళ్లకు చెప్పేవాళ్లు కాదు.

మనం అలా దాచుకోవద్దు. మీ ఇంటి శ్రుతి రాసిపెట్టండి. అమ్మమ్మకు ఎంత, తాతయ్యకు ఎంత, మేనత్తకు ఎంత. పాట పేరు పక్కనే రాయండి.

ఈ నెల మాటలు

శ్రుతి: పాటకు ఆధారమైన స్వరం. "శ్రుతి కలిసింది", "శ్రుతి తప్పింది" అంటాం.

బిరడా: తీగను బిగించే, సడలించే పిడి. వీణకూ ఇదే మాట.

మెట్టు: వీణ మీద, గిటార్ మీద వేలు నొక్కే చోటు. ఇంటి ముందు ఎక్కే మెట్టు కూడా ఇదే మాట.

మీటు: వేలితో తీగను కదిలించు. వీణ మీటుతాం. డోలు మీటం, వాయిస్తాం.

జంట క్రియలు చూడండి. తీగ తనంతట తాను సడలుతుంది. మనం దాన్ని సడలిస్తాం. తీగ తెగుతుంది. తమ్ముడు తీగ తెంచుతాడు. ఎవరు చేశారో క్రియలోనే తెలుస్తుంది. కాబట్టి ఇంట్లో తీగ తెగితే ఏ మాట వాడాలో ఆలోచించి వాడండి.

ఇంటి పని

ఇంట్లో ఒక పెద్దవారిని ఒక పాట పాడమని అడగండి. వాయించకండి, వినండి. వాళ్ల స ఎక్కడుందో పట్టుకోండి. తరువాత తీగలను అక్కడికి తీసుకెళ్లండి. పాటలో తెలియని మాట ఒకటైనా ఉంటుంది. దాని అర్థం వాళ్లనే తెలుగులో అడిగి, నాకు రాసి పంపండి. వచ్చే నెల ఆ మాటలతోనే పాఠం చేద్దాం.