గాలిలో 40 నిమిషాలు.. మిగిలేది గంటలోపే

ఓర్వకల్లు: కడప, ఓర్వకల్లు (కర్నూలు) విమానాశ్రయాల మధ్య గగనతల దూరం సుమారు 150 కిలోమీటర్లు. ఏటీఆర్‌ విమానానికి టేకాఫ్‌, ల్యాండింగ్‌తో కలిపి 40 నిమిషాలు చాలు. అయితే గంట ముందే విమానాశ్రయానికి చేరడం, దిగాక సామాను తీసుకుని పట్టణానికి వెళ్లడం లెక్కిస్తే రెండున్నర గంటలు గడుస్తాయి. నంద్యాల మీదుగా కారులో మూడు, మూడున్నర గంటల ప్రయాణమే. 2016లో ప్రారంభమైన ఉడాన్‌ పథకం సైతం కొండప్రాంతాలు, దీవుల వంటివి మినహా 200 కిలోమీటర్లలోపు మార్గాలను చేర్చలేదు.

విశాఖ విషయం వేరు. ఓర్వకల్లు నుంచి 580 కిలోమీటర్లు విమానంలో దాదాపు గంటన్నర. రైలు, బస్సులోనైతే రాత్రంతా ప్రయాణమే. 2021 మార్చి 28న ఇక్కడ సేవలు ఆరంభమైనప్పుడు విశాఖ, బెంగళూరు, చెన్నైలను ఎంచుకోవడంలోని ఔచిత్యం ఇదే. సీమవాసులు కోరవలసింది పొరుగు జిల్లాకు విమానం కాదు, దూర నగరాలకు క్రమం తప్పని సర్వీసులు.