గుమ్మం దగ్గర చెప్పిన మాట

పోయిన సంచికలో మోకాళ్ళ నొప్పుల గురించి రాశాను. ఈసారి సంగతి ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఎందుకని పెద్దలు కోప్పడవద్దు. ఇది ఇంట్లో తెలియవలసిన విషయమే.

బరంపురంలో నా క్లినిక్‌కి వచ్చే దూరపు బంధువు ఒకడున్నాడు. యాభై దాటినవాడు, నన్ను "మావయ్యా" అంటాడు. అతని అనుమతితోనే రాస్తున్నాను. ఒకరోజు నడుంనొప్పి అని వచ్చాడు. చూశాను, మందు రాశాను, లేచాడు. కర్టెన్ మీద చెయ్యి వేసి, ఇటు తిరక్కుండానే "మావయ్యా, ఇంకో చిన్న మాట" అన్నాడు. మగవాళ్ళు అసలు జబ్బు చెప్పేది గుమ్మం దగ్గరే!

ఎనిమిది నెలలుగా అంగం ముందుచర్మం వెనక్కి రావడం లేదట. లాగితే చిట్లి మంట. భార్యకు కారణం చెప్పకుండా వరండాలో పడుకుంటున్నాడు. ఆవిడ ఏమనుకుని ఉంటుందో మీరే ఊహించండి. "పెళ్ళయి పాతికేళ్ళు. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేమిటి?" అన్నాడు.

ఆ ప్రశ్నలోనే జవాబుంది. పసిపిల్లల్లో ఈ చర్మం వెనక్కి రాకపోవడం సహజం, పెరిగేకొద్దీ అదే వదులవుతుంది. తల్లులు స్నానం చేయించేటప్పుడు బలవంతంగా లాగకూడదు. కొందరికి యౌవనంలోనూ బిగువు మిగిలిపోతుంది. కాని నలభై దాటాక కొత్తగా బిగిస్తే ముందు చూడవలసింది షుగరు. మూత్రంలో చక్కెర పోతుంటే ఆ చర్మం కింద కాండిడా అనే బూజు పెరుగుతుంది. దురద, ఎరుపు, పగుళ్ళు. పగులు మానినచోట చర్మం గట్టిపడి బిగుస్తుంది, బిగిసిన చర్మం మళ్ళీ పగులుతుంది. మావాడికి తిన్నాక షుగరు 318. తనకు షుగరుందనే తెలియదు!

షుగరుకి ఇప్పుడు చాలామంది వేసుకునే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు కూడా చక్కెరను మూత్రంలోకే పంపుతాయి. మంచి మందులే గాని, వాటితో ఈ బూజు రావచ్చు. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టరుకి చెప్పండి.

మావాడు అప్పటికే మందులషాపులో అడిగి, మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు నెలల తరబడి రాశాడు. అది మాన్పించాను. షుగరుకి మందు, బూజుకి క్లోట్రిమజోల్ ఇచ్చి, అది తగ్గాక బీటామెథసోన్ 0.05 శాతం ఆయింట్‌మెంట్ రాశాను. బిగిసిన అంచు మీద పలచగా, రోజుకి రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు, డాక్టరు చూస్తుండగానే వాడాలి. స్నానమయ్యాక నొప్పి పుట్టనంత మేరకే చర్మాన్ని మెల్లగా వెనక్కి జరపాలి. కడగడానికి గోరువెచ్చని నీళ్ళు చాలు. భార్యకు దురద ఉంటే ఆమెకూ మందివ్వాలి. అందుకైనా ఆమెకు చెప్పక తప్పదన్నాను. చెప్పాడు. ఏడో వారానికి చర్మం చాలావరకు సడలింది.

అందరికీ ఇలా కుదరదు. చర్మం తెల్లగా, గట్టిగా మారితే అది లైకెన్ స్క్లెరోసస్ కావచ్చు. మూత్రద్వారం కూడా మూసుకుపోవచ్చు. మానని పుండు, గడ్డ, రక్తం, దుర్వాసన ఉంటే క్యాన్సరేమోనని వెంటనే పరీక్ష చేయించాలి. చర్మం బాగా గట్టిపడినవారికి సుంతీ ఆపరేషనే మార్గం. ఆ మాట వినగానే "మనవాళ్ళలో లేదు కదా" అని లేచిపోయినవాళ్ళున్నారు. అపెండిక్సుకి మతం లేనట్టే దీనికీ లేదు. చాలామందికి ఆ చోట మత్తిచ్చి చేసి ఆ రోజే ఇంటికి పంపుతారు. నాలుగు నుంచి ఆరు వారాలు భార్యకు దూరంగా ఉండాలి, అంతే.

ఆలస్యం చేయకూడనిది ఒకటుంది. వెనక్కి లాగిన చర్మం తిరిగి ముందుకి రాక, ముందు భాగం వాచిపోతే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తండి. తెల్లవారేదాకా ఆగితే రక్తప్రసారం ఆగిపోవచ్చు. మంచాన పడ్డ పెద్దవాళ్ళకి మూత్రం గొట్టం వేసినప్పుడు గాని, శుభ్రం చేసినప్పుడు గాని చర్మాన్ని వెనక్కి లాగి అలాగే వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. పని కాగానే ముందుకి జరిపారో లేదో ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి.